తునికి పండు, కామంచి పండు: ఏది ఆరోగ్యం?

అమెరికాలో, సియాటిల్‌లో ఉంటున్న మా మేనకోడలు ఆ మధ్య ఫోనులో ఒక సందేహం అడిగింది. "మామయ్యా, ఇక్కడ హకల్‌బెర్రీలూ దొరుకుతాయి, పెర్సిమ్మన్లూ దొరుకుతాయి. పిల్లవాడి ఆరోగ్యానికి ఏది మంచిదంటావు?"

నేను వైద్యుణ్ణి కాను. అయినా మామయ్యనైనందుకు పుస్తకాలు తిరగేసి జవాబు చెప్పాను. 100 గ్రాముల పెర్సిమ్మన్‌లో సుమారు 70 కేలరీలు, 18 గ్రాములకు పైగా పిండిపదార్థాలు ఉంటాయి. హకల్‌బెర్రీలో ఇవి రెండూ దాదాపు అందులో సగమే. కంటికి మేలుచేసే కెరోటిన్లు, పీచు మొదటిదానిలో దండి. రెండవదానికి ఆ ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్లు దాని సొత్తు. చక్కెర జబ్బు ఉన్నవారికి హకల్‌బెర్రీ నయం. ఎదిగే పిల్లవాడికి రెండూ మంచివే. అక్కడితో ఆమె సందేహం తీరింది, నా ఆలోచన మొదలయింది.

హకల్‌బెర్రీ అన్న మాట నాకు పండుగా పరిచయం కాలేదు, ఒక అల్లరి పిల్లవాడి పేరుగా పరిచయమయింది. నండూరి రామమోహనరావు గారి అనువాదం చదివిన మనలో చాలామందికి అంతే కదా! పండును చూడకముందే పేరును ప్రేమించాము. మరి మన గట్ల మీద పండేవాటి సంగతి? పండు తిని, పేరు మరచిపోయాము.

పెర్సిమ్మన్ మనకు పరాయిది కాదు. వృక్షశాస్త్రజ్ఞులు డయోస్పైరోస్ అనే ప్రజాతిలోనే మన తునికినీ చేర్చారు. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల మీద వెలువరించిన గ్రంథంలో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. హకల్‌బెర్రీకి కూడా మన దగ్గర ఒక పోలిక ఉంది. పాశ్చాత్యులు తోట హకల్‌బెర్రీ అని పిలిచే మొక్క నిజానికి మన కామంచికి దగ్గరి చుట్టం. ఆయుర్వేదం కాకమాచి అన్నది ఈ కామంచినే.

మాది మాచర్ల దగ్గరి పల్లె. నా చిన్నతనంలో ఎండలు ముదిరేసరికి నల్లమల వైపునుండి స్త్రీలు బుట్టలలో తునికి పండ్లు తెచ్చేవారు. నిమ్మకాయంత పండు, పసుపు రంగు, గట్టి తొక్క, లోపల మెత్తని తీపి గుజ్జు. పండకముందే ఆశపడితే వగరుకు నాలుక పిడచకట్టుకుపోయేది. కామంచి దీనికి భిన్నం. కొనవలసిన పని లేదు, చేలగట్ల మీద తనంత తానే మొలిచేది. మిరియం కన్నా కాస్త పెద్దవైన నల్లని పండ్లు గుత్తులుగా వేలాడేవి. "పచ్చివి ముట్టుకోకండర్రా, విషం! నల్లబడ్డవే తినండి" అని మా నాయనమ్మ కేకవేసేది. పచ్చికాయలలో సోలనిన్ ఉంటుందని ఆమెకు తెలియదు, తెలియవలసినదంతా తెలుసు.

శ్రీనాథుడివని చెప్పుకునే చాటువులు పలనాటిని జొన్నకూటి సీమ అని వెక్కిరించాయి. ఆయనకు ఈ రెండు పండ్లూ ఎవరూ పెట్టలేదేమో!

ఇక నేడు. తునికికి ఆకు శత్రువయింది. బీడీ ఆకు వ్యాపారాన్ని రాష్ట్ర ప్రభుత్వం 1971 చట్టంతో తన చేతిలోకి తీసుకున్నది. లేత ఆకు బాగా రావాలంటే వేసవికి ముందే పొదలను కొట్టివేయాలి. ఏటేటా కొట్టే పొద ఆకు ఇస్తుంది గాని పండు ఇవ్వదు. ఆ ఆకు ఎన్నో పేద ఇళ్ళకు వేసవి కూలి, కాదనను. కాని ఆకుకు లెక్కలున్నాయి, పండుకు లేవు. ఊపిరితిత్తులను కాల్చే భాగానికి ధర, ఒంటికి మేలుచేసే భాగానికి మరపు.

కామంచి సంగతి ఇంకా బాధాకరం. మిరప, కామంచి ఒకే కుటుంబానివి. పలనాడంటేనే నేడు మిరప, పత్తి. మొన్నటి సంక్రాంతికి మేనకోడలు పిల్లవాడితో వచ్చింది. వాణ్ణి చేనికి తీసుకువెళ్ళాను. గట్టున ఒక కామంచి మొక్క, నిండా నల్లని గుత్తులు! నా కళ్ళు చెమర్చాయి. నాలుగు పండ్లు కోసి వాడి చేతిలో పోశాను. అంతలో చేను చేసే మా తమ్ముడు పరుగున వచ్చాడు. "అన్నా, తినిపించమాక! నిన్ననే మందు కొట్టాం." పిల్లవాడు పండ్లను కింద పడవేసి, చేతులు తుడుచుకుని, నా ముఖంలోకి చూశాడు. ఏమి చెప్పను?

మా నాయనమ్మ చెప్పిన నియమం సులువైనది: పచ్చిది విషం, పండినది అమృతం. ఆ నియమాన్ని మన తరం చెరిపివేసింది. ఇప్పుడు పండినదీ విషమే. మా తమ్ముణ్ణి నిందించలేను. అప్పుచేసి వేసిన మిరపను పురుగుకు అప్పగించమని ఏ నోటితో చెప్పగలను?

కనుక ఏ పండులో ఎన్ని విటమిన్లు అనే పోలికలు నాకిప్పుడు అసంపూర్ణంగా తోస్తున్నాయి. ఆరోగ్యం పండులో సగమే ఉన్నది, తక్కిన సగం అది పండిన నేలలో ఉన్నది. మందు పడని గట్టు ఒక్కటి, కత్తి పడని తునికి చెట్టు ఒక్కటి ఊరికి మిగిల్చుకోవడం అసాధ్యమని నేననుకోను. మా పెరటిలో ఈ ఏడు కామంచి నారు పోశాను. వచ్చే సంక్రాంతికి ఆ పిల్లవాడికి నేను బాకీ.

మీ సీమలో ఈ పండ్లను ఏమంటారు? పేరైనా గుర్తున్నదా?