చిన్న ఎయిర్ గన్‌లో బరువు స్లగ్గులు: చేనికి కాపలా కాదు, రైతుకు కొత్త తలనొప్పి

అడవి పందుల వీడియో పెట్టినప్పటి నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు రైతులు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, లైసెన్సు అక్కర్లేని చిన్న ఎయిర్ గన్‌లో బరువు స్లగ్గులు వేస్తే పంది పడుతుందంట కదా, నిజమేనా?" వీడియోలో రెండు మాటల్లో చెప్పి వదిలేసినాం. అది చాలదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు రైతు బాధ గురించి ఒక మాట. శనక్కాయ ఊడ నాటి కాయ పట్టే టయానికి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి అర ఎకరా దున్నినట్టు ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజ గట్టిపడకముందే రామచిలకలు పూలను డొల్ల చేసి పోతాయి. పప్పుశనగ మొలకల మీద జింకలు, చీనీ తోటల్లో కోతులు. నాలుగు నెలల కష్టం పోయినోడికి కోపం రావడం తప్పు కాదు. ఆ కోపాన్ని చూసి అమ్మే సరుకే మనకు పనికిరానిది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మామూలు పెల్లెట్ నడుము సన్నగా, వెనక గొడుగు మాదిరి ఉంటుంది. ఆ గొడుగుకు గాలి తగిలి పెల్లెట్ నిటారుగా పోతుంది. స్లగ్గుకు ఆ గొడుగు లేదు, తూటా మాదిరి నిండుగా ఉంటుంది. అది తిన్నగా పోవాలంటే గొట్టంలోని మెలికలు గట్టిగా తిప్పాలి, వేగమూ ఉండాలి. వేగం లేకపోతే గురి చెదురుతుంది.

గొట్టం వంచి బిగించే స్ప్రింగు గన్‌లో 0.52 గ్రాముల పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో బయటికొస్తే దాని శక్తి సుమారు 10 జౌళ్లు. అదే గన్‌లో 0.84 గ్రాముల స్లగ్గు వేస్తే శక్తి పెరగదు. స్ప్రింగులో ఉన్న బలం ఉన్నంతే. బరువు పెరిగినందుకు వేగం 157 మీటర్లకు పడిపోతుంది. స్లగ్గు గొట్టాన్ని ఎక్కువ రాసుకుంటూ పోతుంది కాబట్టి నిజానికి ఇంకా తగ్గుతుంది. 30 మీటర్లు పోయేసరికి పెల్లెట్ 11 సెంటీమీటర్లు కిందికి దిగితే, స్లగ్గు 18 సెంటీమీటర్లు దిగుతుంది. ఇది గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకుండా వేసిన లెక్క. రాత్రిపూట టార్చి వెలుతురులో ఈ తేడా చాలు, పెట్టిన గురి తప్పడానికి.

మరి స్లగ్గు బాగా పోవాలంటే? సెకనుకు 270 మీటర్లు అనుకోండి. అప్పుడు అదే 0.84 గ్రాముల స్లగ్గు శక్తి 30 జౌళ్లు దాటుతుంది. గాలి సిలిండరు ఉండే పీసీపీ గన్‌ను పెంచి బిగిస్తేనే అంత వస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మి.మీ. (0.177 అంగుళాలు) దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలి. గొట్టం చిన్నదే కదా అని ధైర్యంగా ఉంటే కుదరదు, శక్తిని కూడా చూస్తారు. అంటే లైసెన్సు అక్కర్లేని గన్‌లో బరువు స్లగ్గు పనిచేయదు. అది పనిచేసే గన్‌కు లైసెన్సు కావాలి. ఈ రెండో మాట అమ్మేవాళ్లు చెప్పరు.

పోనీ 30 జౌళ్లతో పంది పడుతుందా? .22 రైఫిల్ తూటా శక్తే సుమారు 140 జౌళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది, అది కూడా పెద్ద పందికి చాలదు. మగ పందికి భుజాల మీద కవచం మాదిరి మందమైన పొర ఉంటుంది. ఎయిర్ గన్ దెబ్బకు పంది చావదు, గాయంతో వంకలోని కంప చెట్లల్లోకి దూరుతుంది. పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోయే మనిషికి అదే ఎదురొస్తుంది. ఆ మనిషి మీరే కావచ్చు, మీ పొలానికి వచ్చిన కూలీ తల్లి కావచ్చు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. నెమలి, కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అడవి పంది, రామచిలుక రెండో షెడ్యూలులో ఉన్నాయి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, రామచిలుక రాష్ట్ర పక్షి. లైసెన్సు అక్కర్లేని గన్‌తో కొట్టినా కేసు కేసే.

ఇంకొకటి, ఇది ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ప్రత్యేకంగా. పచ్చ పురుగును ఏరి తినడానికి గోరింకలు, కొంగలు రావాలని చేనంతా పక్షి స్థావరాలు పాతుతున్నాం. ఒక పక్క కొయ్య పాతి పిలుస్తూ, ఇంకో పక్క గట్టు మీద గన్ పట్టుకుని కూర్చుంటే ఏ పిట్ట వస్తుంది? పైగా స్లగ్గు అంటే సీసం. నాలుగు స్లగ్గులకే భూమి విషమైపోదు గానీ, సీసం జీవామృతంతో కరిగేది కాదు. గింజ అనుకుని కోడి మింగినా, గాయపడి చచ్చిన పిట్టను కుక్క తిన్నా ఆ విషం వాటి ఒంట్లోకే పోతుంది.

అయితే ఏం చేయాలి? రబీ శనక్కాయ చుట్టూ నాలుగు వరుసలు కుసుమ దగ్గర దగ్గరగా వేయండి, ఆ ముళ్లకు పంది ముట్టె పెట్టడానికి వెనకాడుతుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయండి. పంది వచ్చే దారిలో చేను అంచున రెండడుగుల వెడల్పు కందకం తీయండి. పొద్దుతిరుగుడు, జొన్నకు మెరుపు రిబ్బన్లు పైరు కంటే కాస్త ఎత్తులో మెలితిప్పి కట్టండి, గాలికి మెరుపూ మోతా రెండూ వస్తాయి. ఏదైనా ఒక్కటే పెట్టి వదిలేస్తే వారానికి జంతువులు అలవాటు పడతాయి, మార్చి మార్చి వాడండి. సోలార్ కంచె ఒక్కరికి భారమే, పక్క పక్క పొలాల రైతులు కలిసి వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. కరెంటు లైను నుంచి నేరుగా తీగ మాత్రం లాగొద్దు, అది మనుషుల్ని చంపుతుంది.

ఇవన్నీ చేసినా గుంపులు ఆగని ఊర్లు ఉన్నాయి, ఆ మాట దాచం. అలాంటి చోట పంటకు ప్రమాదమైన రెండో షెడ్యూలు జంతువును తొలగించడానికి రాతపూర్వకంగా అనుమతిచ్చే అధికారం చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంది. ఆ పని తెలిసిన, లైసెన్సున్న షూటర్లు చేయాలి. మన ప్రభుత్వం ఈ అనుమతిని మండల స్థాయిలో త్వరగా దొరికేటట్టు చేయాలి, పంట నష్టం పరిహారం కోత లోపే చేతికి రావాలి. ఇది చేయకుండా రైతు గన్ పట్టుకున్నాక కేసు పెట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం.

కాబట్టి స్లగ్గు డబ్బా కొనే ముందు ఆ డబ్బుతో కుసుమ విత్తనం, రిబ్బన్లు ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. పంట పోయినవాళ్లు ఫోటోలు, తేదీ, సర్వే నంబరుతో అటవీ శాఖకు అర్జీ ఇవ్వండి, ఊరంతా కలిసి ఇస్తే ఇంకా మంచిది. మీ ఊర్లో ఏ పద్ధతి పనిచేసిందో వీడియో కింద రాయండి, పక్క ఊరి రైతుకు అది పనికొస్తుంది.