తెల్లవారుజాము ఎవరిది?

మా తాత జీవితమంతా తెల్లవారుజామున నాలుగింటికే లేచాడు. అలారం లేదు, కోడికూతే గడియారం. అయినా ధనవంతుడు కాలేదు, విజేతా కాలేదు. ఆసామి గొడ్లచావిడిలో పేడ ఎత్తి, చొప్ప వేసి, వాకిలి బయట నిలబడి పోయించుకున్న గంజి తాగి పొలం పోయేవాడు. అరవై నిండకముందే నడుం వంగిపోయింది.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య నాకు ఒకే రకం మెసేజీలు వస్తున్నాయి. "అన్నా, పొద్దున లేవలేకపోతున్నా. లేచినా ఏ పనీ చేయబుద్ధి కాదు. క్లాసులో నోరు పెగలదు. ఐదింటికి లేస్తే కాన్ఫిడెన్స్ వస్తుందంటున్నారు, నిజమేనా?" అని. ఒక చెల్లెలైతే తనని తానే సోమరిపోతునని రాసుకుంది. అది చదివాక మనసు పాడైపోయింది. అందుకే ఈ వారం భాగం దీనిమీదే.

ముందే నా మాట చెప్పేస్తాను. పొద్దున్నే ఒక పద్ధతి ఉండటం మంచిదే. నాకూ ఉంది. కానీ "త్వరగా లేచినవాడు పైకొస్తాడు, లేవనివాడు సోమరి" అని అమ్మే సరుకు మాత్రం అబద్ధం. అదే నిజమైతే ఈ దేశంలో అందరికంటే పైన ఉండాల్సింది మన వీధులు ఊడ్చే ఆడవాళ్ళు. మీరు అలారం ఆపి అటు తిరిగి పడుకునే వేళకి వాళ్ళు చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉంటారు. మిరప కోతల కాలంలో గుంటూరు, పల్నాడు పల్లెల్లో చూడండి. చీకటితో లేచి, వండి, క్యారేజీ కట్టుకుని, ఒక ఆటోలో పదిమందికి పైగా కూరుకుని ముఠాలు ముఠాలుగా పోతారు. మా అమ్మ ఇరవై ఏళ్ళు అలా పోయింది. ఆమెకి లేనిది క్రమశిక్షణ కాదు. ఆమె లేచిన పొద్దు ఆమెది కాదు, అంతే.

తేడా అక్కడుంది. పొద్దున ఎన్నింటికి లేచావన్నది కాదు, ఎవరికోసం లేచావన్నది ముఖ్యం.

మన చరిత్రలో పొద్దు మనకి ఊరికే దక్కలేదు. పీష్వాల పుణెలో మహర్లు, మాంగులు ఉదయం 9కి ముందు, మధ్యాహ్నం 3 తర్వాత నగరంలోకి అడుగు పెట్టకూడదన్న కట్టడి ఉండేదని చరిత్రకారులు రాశారు. ఆ వేళల్లో ఎండ ఏటవాలుగా పడుతుంది, నీడ పొడుగ్గా సాగుతుంది, అది పైకులాల మీద పడితే మైల. ఒక్కసారి ఆలోచించండి. ఎండ కూడా మనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన రోజులవి. "బ్రాహ్మీ ముహూర్తంలో లేవండి, పుణ్యం, తెలివి" అని చెప్పే సమాజమే ఆ ముహూర్తంలో మన తాతల్ని పేడ ఎత్తడానికి పిలిచింది, వీధిలో నడవడానికి మాత్రం వద్దంది.

అదే పుణెలో 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి పెట్టారు. సావిత్రిబాయి బడికి నడిచి వెళ్తుంటే దారిలో బురద, పేడ విసిరేవాళ్ళు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళి, బడిలో మార్చుకుని పాఠం చెప్పేది. నన్నడిగితే ఆమె పొద్దుటి పద్ధతి అది. అద్దం ముందు నిలబడి "నేను సాధిస్తాను" అని చెప్పుకోవడం కాదు. ఇవాళ కూడా పేడ పడుతుందని తెలిసి, ఇంకో చీర మడిచి పెట్టుకోవడం. అవమానం వస్తుందని ముందే లెక్కేసుకుని, అయినా బయల్దేరడం. ఆత్మవిశ్వాసం అంటే నాకు తెలిసిన అర్థం అదే.

బాబాసాహెబ్ సంగతీ చూద్దాం. బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివే రోజుల్లో వాళ్ళ కుటుంబం పరేల్‌లో ఒకే గదిలో ఉండేది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి రామ్‌జీ పిల్లాణ్ణి సందెవేళకే పడుకోబెట్టి, తను రెండింటిదాకా మేలుకుని, అప్పుడు లేపేవాడు. భీమ్ దీపం ముందు కూర్చుంటే తండ్రి నడుం వాల్చేవాడు. అలా చదివి 1907లో మెట్రిక్ పాసయ్యాడు.

ఈ కథ చెప్పి "చూశారా, రెండింటికే లేచాడు, మీరూ లేవండి" అనేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు ఈ కథలో కనిపించేది రెండు గంటల అంకె కాదు. గదిలో చోటు లేక, చప్పుడు తగ్గే వేళ అదొక్కటే దొరికి, ఆ వేళని వాడుకున్నారు. రెండోది ఇంకా పెద్దది: కొడుకుని లేపడానికి ఒక తండ్రి మేలుకుని కూర్చున్నాడు. ఒంటరిగా ఎవరూ లేవలేదు. తర్వాతి కాలంలో ఆయన రాత్రుళ్ళు ఎంతసేపు చదివేవారో దగ్గరున్నవాళ్ళు రాశారు. అంటే ఆయన గడియారానికి భక్తుడు కాదు. తన కాలానికి తనే యజమాని.

ఇక నా సంగతి. సంక్షేమ హాస్టల్లో నేను నాలుగింటికి లేచేవాణ్ణి. చదువు మీద ప్రేమతో కాదు, ఐదు దాటితే నీళ్ళు అయిపోతాయి కాబట్టి. వరసగా బకెట్లు, వాటి మీద సబ్బుపెట్టె పెట్టి చోటు పట్టుకోవడం మీలో చాలామందికి తెలుసు. అప్పుడు నేను పంతుళ్ళ దృష్టిలో మంచి పిల్లాణ్ణి.

యూనివర్సిటీకి వచ్చాక అదే నేను పదకొండింటిదాకా మంచం దిగేవాణ్ణి కాదు. మొదటి సెమిస్టర్లో ఒకరోజు క్లాసులో ఇంగ్లీషు మాట ఒకటి తప్పు పలికాను. వెనక బెంచీలో ఎవరో "కోటా" అన్నారు. నవ్వులు. చెప్పే ఆయన కూడా కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. మర్నాటి నుంచి నా ఒళ్ళు లేవలేదు. నిద్ర కాదది. కళ్ళు తెరుచుకునే ఉండేవి. ఫ్యాన్ చూస్తూ పడుకునేవాణ్ణి. నన్ను నేను సోమరి అనుకున్నాను. భయానికి ఒళ్ళు బరువెక్కుతుందని నాకెవరూ చెప్పలేదు.

పక్క గదిలో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. ఆయన నాకు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. రోజూ ఆరున్నరకి తలుపు కొట్టేవాడు. "టీ తాగొద్దాం రా" అనేవాడు. టీ కొట్టు దాకా నడక, అక్కణ్ణించి లైబ్రరీ మెట్ల దాకా. మెట్ల మీద కూర్చుని ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా నాతో పైకి చదివించేవాడు. తప్పు పలికితే తను సరిగ్గా పలికి ఊరుకునేవాడు. నవ్వేవాడు కాదు. రెండు నెలలు పట్టింది. తర్వాత ఒకరోజు క్లాసులో చెయ్యెత్తాను. ఏం అడిగానో ఇప్పుడు గుర్తులేదు. చెయ్యి వణకడం గుర్తుంది.

అందుకే అడిగినవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. నేను పాటించేదే చెప్తాను.

ఒకటి, పొద్దు రాత్రే మొదలవుతుంది. ఎదిగినవాళ్ళకి ఏడు గంటల నిద్ర కావాలి. రాత్రి ఒంటిగంటకి డెలివరీ పని ముగించుకుని వచ్చే తమ్ముడు ఐదింటికి లేవనక్కర్లేదు. అతని పొద్దు ఎనిమిదిన్నరకి. రోజూ ఒకే వేళకి లేవడం ముఖ్యం, ఆ వేళ ఏదన్నది మీ బతుకుని బట్టి.

రెండు, లేవగానే ఫోన్ వద్దు. ముఖ్యంగా ఉద్యమంలో ఉన్నవాళ్ళకి చెప్తున్నా. మన ఫోన్ల నిండా దాడుల వీడియోలు, శవాల ఫోటోలు, బూతులు. పరగడుపున అవి మింగితే రోజంతా అదే విషం. పారిపోమనడం లేదు. ఏదైనా జరిగితే పోలీస్ స్టేషన్ ముందు సాయంత్రందాకా కూర్చుని 1989 చట్టం కింద కేసు కట్టించాల్సింది మనమే. దానికి కాళ్ళలో సత్తువ కావాలి కదా. ముఖం కడుక్కుని, ఏదో ఒకటి తిని, అప్పుడు చూడండి. అరగంటలో లోకం మునిగిపోదు.

మూడు, వెలుతురులోకి రండి. పొద్దుటి ఎండ కళ్ళకి తగిలితే శరీరంలోని గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర కూడా వేళకి పడుతుంది. పావుగంట నడక చాలు. బయట నడవడం క్షేమం కాదనిపిస్తే ఆడపిల్లలు హాస్టల్ డాబా మీదే నలుగురు కలిసి నడవండి. ఆ వీధుల్లో మన నీడ పడకూడదన్న కాలం ఒకటుందని గుర్తు చేసుకుని మరీ నడవండి.

నాలుగు, తినండి. చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ వేసుకుని తినడానికి సిగ్గుపడొద్దు. మన అమ్మలు దాంతోనే ఎండలో పనిచేశారు. ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. సోమరిపోతునని రాసుకున్న చెల్లెమ్మా, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకో. నీలో తగ్గింది పట్టుదల కాదు, రక్తమే కావచ్చు. ఆకుకూరలు, మాంసం, దొరికితే కార్జం తిను. డాక్టరు ఇస్తే ఐరన్ మాత్రలు వాడు. అన్నం తిన్న వెంటనే టీ తాగకు, అది ఇనుముని ఒంటికి పట్టనివ్వదు.

అయిదు, ఒక పేజీ పైకి చదవండి. కళ్ళతో కాదు, గొంతుతో. అంబేడ్కర్, ఫూలే, రాజ్యాంగం, పేపరు, ఏదైనా సరే. తరతరాలుగా మన గొంతు "సిత్తం దొరా" అనడానికే వాడుకున్నారు. రోజూ పది నిమిషాలు దానికి వేరే పని ఇవ్వండి. మీ గొంతు మీకు అలవాటైతే క్లాసులో కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఇద్దరు నాతో గొడవకి వస్తారని తెలుసు.

మొదటివాళ్ళు మన కామ్రేడ్లే. "ఇవన్నీ కడుపు నిండినోళ్ళ ముచ్చట్లన్నా, వ్యవస్థ మారకుండా వ్యక్తి మారి ఏం లాభం" అంటారు. వ్యవస్థ మారాల్సిందే. కానీ మార్చేవాళ్ళు ముప్పై ఏళ్ళకే గ్యాస్ట్రిక్ మంటతో, నిద్రలేమితో, తాగుడుతో రాలిపోవడం నేను చూశాను. మన ఒళ్ళు మనం కాపాడుకోవడం కూడా ఉద్యమంలో పనే. అలిసిపోయిన మనుషుల్ని చూసి ఎవరికీ భయం వేయదు.

రెండోవాళ్ళు "క్రమశిక్షణకి కులమేంటి?" అంటారు. తొంభైమందికి నాలుగు బాత్రూములున్న చోట త్వరగా లేవడం క్రమశిక్షణ కాదు, పోటీ. ఒకడు ముందు లేస్తే ఇంకొకడు స్నానం లేకుండా బడికి పోతాడు. ఆ సమస్యకి జవాబు అలారం కాదు, అర్జీ. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఆ అర్జీ రాయలేదు. నాలుగింటికి లేచి నా బకెట్ నేను నింపుకుని గర్వపడ్డాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. మీరు ఆ తప్పు చేయొద్దు. వారంలో ఒక పొద్దు అందరూ కలిసి కూర్చుని నీళ్ళు, బాత్రూములు, మెస్ గురించి అర్జీ రాయండి, సంతకాలు పెట్టండి, నకలు దగ్గరుంచుకోండి. ఏ పుస్తకంలోనూ లేని ధైర్యం అందులో ఉంది. ఒకసారి మోటారు బాగుచేయించి చూడండి, ఆ రోజు మీ నడకే మారుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. రెండు వారాలు దాటినా మంచం దిగలేకపోతుంటే, తిండి సయించకపోతే, బతకడం ఎందుకనిపిస్తుంటే అది పద్ధతులతో పోయేది కాదు. మీ తప్పూ కాదు. ఎవరో ఒకరికి చెప్పండి. టెలీ-మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు. మన పిల్లల్ని యూనివర్సిటీల్లో పోగొట్టుకున్నది చాలు. ఒక్కరు కూడా ఇక వద్దు.

మా అమ్మ ఇప్పుడు కోతలకి పోవడం లేదు. మోకాళ్ళు పోయాయి. "ఇక పడుకోమ్మా" అంటే వినదు. నాలుగింటికి లేచి, టీ కాచుకుని, అరుగు మీద కూర్చుంటుంది. మొదట్లో నాకు బాధనిపించేది, ఒంటికి పట్టిన చాకిరీ వదలట్లేదే అని. మొన్న అడిగాను, ఏం చేస్తావమ్మా అంతసేపని. "ఏం చేయను. పక్కింటి పిల్లకి పరీక్షలంట, లేపమంది. లేపుతున్నా" అంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు మీరు ఎన్నింటికి లేచారో నాకు రాయకండి. ఎవరి తలుపు కొట్టారో రాయండి. మీ వరండాలో పదకొండింటిదాకా తెరుచుకోని తలుపు ఒకటుండే ఉంటుంది. సలహాలేం ఇవ్వొద్దు. "టీ తాగొద్దాం రా" అనండి, చాలు.

వచ్చే వారం మెస్ బిల్లులు, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్. జై సావిత్రిబాయి.