కనిపెట్టాల్సింది అయిపోయిందా?

సైన్సులో పెద్ద పనంతా అయిపోయిందనీ, ఇక మిగిలింది సందులు పూడ్చడమేననీ బాగా చదువుకున్నవాళ్లే నమ్మకంగా చెబుతున్నారు. అమెరికా పాత్రికేయుడు జాన్ హోర్గన్ 1996లో ఈ వాదంతో ఒక పుస్తకమే రాశాడు. 1998లో విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని తేలింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. సరే, ఆకాశం సంగతి వదిలేద్దాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చేలలోనే ఈ వాదం నిలవదు.

2000లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో శెనక్కాయ పైరు ఉన్నట్టుండి ఎండిపోయింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం రూ.300 కోట్లు దాటిందని అంచనా. చూడబోతే పాత మొవ్వకుళ్లులాగే ఉంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే తేలింది వేరు: టొబాకో స్ట్రీక్ వైరస్. అది గట్ల మీది వయ్యారిభామలో కాపురం ఉంటుంది, ఆ మొక్కకు మాత్రం ఏ జబ్బూ కనిపించదు. దాని పుప్పొడి శెనక్కాయ ఆకుల మీద పడుతుంది, తామర పురుగులు గీకిన గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. కలుపుమొక్కకూ పుప్పొడికీ పురుగుకూ తెగులుకూ ఉన్న ఈ లంకెను ఏ భౌతికశాస్త్ర సూత్రం నుంచి లెక్కగట్టగలరు? చేలో దిగి వెతికితేనే దొరికింది. దీన్ని ‘సందు పూడ్చడం’ అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పట్టుపురుగునైతే మనిషి వేల ఏళ్లుగా సాకుతున్నాడు. హిందూపురంలో గూళ్ల మార్కెట్, పక్కనే కిరికెరలో పరిశోధన సంస్థ, పట్టుదారమే బతుకైన ధర్మవరం మగ్గాలు. ఇంత ఎరిగిన పురుగు ఆడదిగా ఎదగడానికి మూలం ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అని జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టింది 2014లో! ఇక ఎవరూ సాకని పురుగుల మాటేమిటి?

హద్దులు లేవని నేననను. ఒక కణం ఉన్న చోటునూ వేగాన్నీ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేమని 1927లో హైసెన్‌బర్గ్ చూపాడు. ఆ హద్దు కూడా వెతికితే దొరికిందే. దాన్ని ఒప్పుకున్న క్వాంటం శాస్త్రమే తర్వాత మనకు ట్రాన్సిస్టర్ ఇచ్చింది.

ఈ ‘అంతం’ మాట మీద నా కోపానికి కారణం వేరే ఉంది. దాన్ని నమ్మిన పాలకులు ముందు కోత పెట్టేది ఊళ్ల దగ్గరి పరిశోధనా కేంద్రాలకే. వయ్యారిభామ ఇంకా గట్ల మీదే ఉంది. రేపు మరో కొత్త తెగులు వస్తే, అదేమిటో తేల్చగల మనుషులు కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనూ కిరికెరలోనూ జీతం మీద ఉండాలి, వాళ్ల ప్రయోగశాలలు నడుస్తుండాలి.