పాడుపడిన బావి, ఎత్తైన సౌధం

మెక్సికో దేశంలోని యూకటాన్ ద్వీపకల్పంలో నేల మీద పారే నదులు లేవనే చెప్పాలి. అక్కడి నేలంతా సున్నపురాయి. వాన నీరు ఆ రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. లోపల గుహ ఏర్పడి, ఏనాడో దాని కప్పు కూలినప్పుడు, అడుగున నీలి నీళ్లతో పెద్ద బిలం బయటపడుతుంది. దానినే సెనోటె అంటారు. పూర్వం మాయా ప్రజలు ఈ నీటిని ఆశ్రయించే నగరాలు కట్టుకున్నారు. 'చిచెన్ ఇట్సా' అన్న నగరం పేరుకే 'ఇట్సా వారి బావి ముంగిట' అని అర్థం.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదువుకొని అమెరికా చేరిన మన పిల్లలు సెలవుల్లో ఈ శిథిలాలను చూసి వస్తున్నారు. ఉదయం పిరమిడు, మధ్యాహ్నం సెనోటెలో ఈత. సాయంత్రానికి ఆ ఫొటోలు పంజగుట్టలోని ఇళ్లకు చేరుతాయి. వాటిని చూసిన ఒక తండ్రి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. గతించిన జాతుల ఊళ్లకు వినోదం కోసం వెళ్లవచ్చునా? తానూ అలా నీళ్లలో దూకుతానని మారాం చేస్తున్న చిన్న కొడుకుకు ఏం చెప్పాలి?

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్‌కు వెళ్తూ మహాప్రవక్త (సఅసం) సమూద్ జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం గుండా సాగారు. కన్నీళ్లతో తప్ప ఆ ఇళ్లలో అడుగుపెట్టవద్దని సహచరులను హెచ్చరించారు. అక్కడి బావుల నీటిని పారబోయించారు. ఆ నీటితో తడిపిన పిండిని ఒంటెలకు పెట్టించారు. సాలెహ్ (అ) ఒంటె తాగిన బావి నుండి మాత్రం తోడుకోమన్నారు. ఒకే ఊరిలోని బావుల మధ్య ఆయన చూపిన ఈ తేడాను గమనించండి.

అయితే సమూద్ జాతిపై శిక్ష దిగిందన్న సంగతి మనకు దైవవాణి ద్వారా తెలిసింది. మాయా ప్రజల విషయంలో అటువంటి వార్త ఏదీ లేదు. పైగా వారి సంతతి లక్షల సంఖ్యలో నేటికీ అక్కడే తమ భాషలు మాట్లాడుతూ జీవిస్తున్నది. వారిని సమూద్ జాబితాలో చేర్చే అధికారం మనకెక్కడిది? కనుక వెళ్లడం నిషిద్ధమని మేము అనము. కానీ చిచెన్ ఇట్సాలోని పెద్ద సెనోటెలోకి మనుషులను బలిగా తోసేవారు. పరిశోధకులు వెలికితీసిన ఎముకలలో పసిపిల్లలవీ ఉన్నాయి. అందులో ఈతకు అనుమతి లేదు. యాత్రికులు దగ్గరలోని వేరే బిలాలకు వెళ్తారు. ఆ ఒడ్డున నిలబడి నవ్వుతూ ఫొటో దిగడం మాత్రం మాకు రుచించదు.

దివ్య ఖుర్ఆన్‌లోని హజ్ సూరా పాడుపడిన బావిని, ఎత్తైన సౌధాన్ని పక్కపక్కనే ప్రస్తావిస్తుంది. బావి ప్రస్తావనే ముందు. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ మాకు ఒక చిక్కు వస్తుంది: అమీర్‌పేట పిల్లలు బావిని చూడలేదు. వారికి నీళ్లంటే మోటారు స్విచ్చి, లేదా గల్లీలోకి వచ్చే ట్యాంకరు. అందుకే ఒక గురువారం వారిని మెహదీపట్నం, టోలీచౌకీ మీదుగా కుతుబ్‌షాహీ సమాధులకు తీసుకువెళ్లాము.

మన హైదరాబాదుది నల్లరాతి నేల. బిలాలు వాటంతటవే తెరుచుకోవు, మనిషి తవ్వుకోవలసిందే. (తెలుగునాట సున్నపురాతి బిలం చూడాలంటే నంద్యాల జిల్లా బెలుం గుహలకు వెళ్లాలి. అక్కడ బావిలోకి దిగినట్లే గుహలోకి దిగుతారు.) ఆ సమాధుల తోటలో మెట్లబావులున్నాయి. వాటిలో బడీ బావ్లీ 2013 వానలకు ఒక పక్క కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు వారు, ప్రభుత్వ వారసత్వ శాఖవారు కలిసి రాయి రాయి పేర్చి నిలబెట్టారు. ఆ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. పక్కనే ఒక హమ్మాం ఉంది. సుల్తానుల మృతదేహాలకు అంతిమ స్నానం అక్కడే చేయించేవారని చెబుతారు. అంతవరకు అల్లరి చేస్తున్న పిల్లలు ఆ మాట విని ఆ రాతిపలకల చుట్టూ మౌనంగా నడిచారు. 1687లో రాజ్యం పోగొట్టుకున్న తానాషాకు ఆ తోటలో చోటు కూడా దక్కలేదు. ఆయన ఖైదీగా దౌలతాబాదులో మరణించాడు.

ఇక రెండవ ప్రశ్న. ఇమామ్ నసాయీ ఉల్లేఖించిన ఒక హదీసు ప్రకారం, వృథా కాలక్షేపంగా లెక్కకు రాని నాలుగు పనులలో ఈత నేర్చుకోవడం ఒకటి. కాబట్టి ఆ తండ్రికి మేము చెప్పినది ఇది: కుర్రవాడిని ఆపకండి, నేర్పించండి. శిక్షకుడు ఉన్న కొలనులో, నాభి నుండి మోకాళ్ల వరకు దుస్తులు కప్పి, ముందు అక్కడ నేర్చుకోనివ్వండి. పాత క్వారీ గుంతలకు మాత్రం స్నేహితులతో పంపకండి. వాటి లోతు పైకి కనబడదు, ఎక్కిరావడానికి మెట్లుండవు. ఏటా ఎన్ని ఇళ్లలో ఈ దుఃఖం చూస్తున్నాము! సెనోటెలలో సైతం ఒంటికి రాసుకున్న క్రీములు కడుక్కుంటేనే నీళ్లలోకి దిగనిస్తారు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయరాదన్న ప్రవక్త (సఅసం) ఆదేశం చిన్ననాడే నేర్చిన మన పిల్లలకు ఈ నియమం కొత్తగా తోచనక్కరలేదు.

బడీ బావ్లీ మెట్ల మీద కూర్చున్నప్పుడు మా విద్యార్థి ఒకడు, "హజ్రత్, దీని మోటారు ఎక్కడుంది?" అని అడిగాడు. ఎద్దులు, తాడు, తోలుతిత్తి, మోట అంటే ఏమిటో వారందరికీ అర్థమయ్యేలా చెప్పేసరికి అసర్ వేళయింది.