గడువున్న దయ

అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. ఉత్తరాంధ్ర నుంచి వలసవెళ్లిన దళిత కుటుంబానికి అక్కడ కులం ఉంటుంది, ఎస్సీ హోదా ఉండదు. ఫీజు రాయితీలు లేని ఆ ఇంటి విద్యార్థికి 'స్టూడెంట్ లైసెన్సు ఉచితమే కదా' అని సర్దిచెప్పడం మోసం. జెట్‌బ్రెయిన్స్ ఉచిత లైసెన్సును ఏటా పునరుద్ధరించుకోవాలి, దాంతో సంపాదించకూడదు. చదువు ముగిస్తే అదీ పోతుంది. కూలి దొరికే రోజునే కొడవలి లాక్కునే దానమిది.

జీసీసీ, గిట్, ఈమాక్స్‌లకు గడువు లేదు: ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, వాటితో బతకొచ్చు. పరిశ్రమ అడిగేవి వేరంటారా? కళాశాలలు అలవాటు చేసినవే పరిశ్రమ అడుగుతుంది. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన ప్రోగ్రామింగ్ ల్యాబులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడపాలి. ఆ పేరుకు గడువున్న దయ తగదు.