హిమసముద్రములు - నౌకారక్షణ శాసనములు

ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకములను రాసులుగా పోసి అమ్ముదురు. అందు ఓడప్రమాదముల కథలకు కొనువారెప్పుడును గలరు. కాని ధ్రువసముద్రములలోని యోడలకు విధించు చట్టములనుగూర్చి ప్రస్తావించినతోడనే, "సముద్రమే లేని హైదరాబాదులో మనకా గొడవ యేల?" యని నాంపల్లి మిత్రులొకరు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న సహజమే. దాని సమాధానమునకు నాంపల్లి దాటి పోనక్కరలేదు.

2023 నవంబరు 13వ తేదీని నాంపల్లి బజారుఘాటులో, జనులు కాపురముండు మేడ క్రింది భాగమున నిలువయుంచిన రసాయనపు పీపాలంటుకొని తొమ్మండుగురు ప్రాణములు గోల్పోయిరి. ఇండ్లక్రింద అట్టి సరకు నుంచరాదను నియమము మనకు లేకపోలేదు. ముందుగా వచ్చి చూచిన కన్ను లేకపోయినది. నేలపైననే యిట్లుండగా, పిలిచినను పలుకువారు లేని మంచుకడలిలో నేమగును?

1912 ఏప్రిలులో టైటానిక్ మంచుకొండను తాకి మునిగినప్పుడు 1,500 మందికి పైగా మరణించిరి. అందున్నవారు సుమారు 2,200 మంది. పడవలలో చోటు 1,178 మందికే. ఇందు విచిత్రమేమన, ఆ యోడ చట్టమును మీరలేదు. పదివేల టన్నులు దాటిన యోడకు 16 పడవలు చాలునని నాటి బ్రిటిషు నియమము. టైటానిక్ 46,000 టన్నులది. దానియందు 20 పడవలుండెను. ఓడలు పెరిగినవి, చట్టము పెరుగలేదు. లోపమంతయు నిదియే.

ధ్రువజలములకు ప్రత్యేకముగా అనివార్యమైన నియమావళి 2017 జనవరి 1న గాని అమలునకు రాలేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నిర్మించిన యీ పోలార్ కోడ్ శ్రద్ధతో వ్రాయబడినది. చలికి ఇనుము పెళుసెక్కును. తుంపరలు పైభాగమున గడ్డకట్టి బరువు హెచ్చగా ఓడ తలక్రిందులగును. ధ్రువములచేరువ అయస్కాంతపు దిక్సూచిని నమ్మరాదు. ఇవన్నియు ఎరిగి, ఓడ దార్ఢ్యమును పరీక్షించి ధ్రువపత్ర మీయవలెననియు, సహాయము వచ్చువరకు కనీసము అయిదుదినములు మనుష్యులు బ్రతుకుటకు తగు సాధనము లుండవలెననియు విధించినది.

ఇన్ని కట్టుబాట్లవలన రవాణావ్యయము పెరుగునని వర్తకుల ఫిర్యాదు. పెరుగును, కాదనము. కాని 2007 నవంబరులో దక్షిణధ్రువమున ఎక్స్‌ప్లోరర్ అను యాత్రికనౌక మంచు తగిలి మునిగినది. 154 మంది కప్పులేని పడవలలో గంటలకొలది చలికి వడకిరి. సమీపమున మరియొక యోడ యుండుటచేత అందరును బ్రతికిరి. ఆనాడు రక్షించినది అదృష్టము. అదృష్టమును నమ్ముకొని వ్యాపారము చేయవచ్చునేమో గాని శాసనము చేయరాదు.

నియమావళిలో పెద్ద కంత యొకటి యుండెను. చేపలపడవలును చిన్న యోడలును దానికి లోబడలేదు. 2026 జనవరి 1 నుండి 24 మీటర్లకు తక్కువగాని చేపలపడవలకు నౌకాయాన, ప్రయాణ ప్రణాళికల నియమములు వర్తించునట్లు 2023లో సవరించిరి. అయినను వాని కట్టడమునకు, ప్రాణరక్షణ సాధనములకు ఆ నియమావళి నేటికిని వర్తింపదు. దారి తెలిసినంతమాత్రమున బలహీనమైన పడవ మంచును తట్టుకొనునా?

ఇక మనదేశము మాట. 1981లో మొదటి దక్షిణధ్రువ యాత్ర సాగినది మొదలు మనవారు పరదేశపు టోడలను అద్దెకు దీసికొనియే పోవుచున్నారు. 1948లో విశాఖపట్టణమున జలఉషను నీటికి విడిచిన జాతికి ఇది తీరని కొరత. కలకత్తా గార్డెన్ రీచ్ నౌకానిర్మాణశాలలో ధ్రువపరిశోధన నౌకను కట్టుటకు నార్వేసంస్థతో 2025 జూనులో ఒడంబడిక జరిగినందుకు సంతసించుచున్నాము. 2022లో అంటార్కిటిక్ చట్టమును జేసికొంటిమి. చట్టమును నౌకయు నున్నంతమాత్రమున చాలదు; మనుష్యులు కావలెను. ప్రపంచపు నావికులలో సుమారు పదింట నొకవంతు భారతీయులే. అందు శ్రీకాకుళ విశాఖతీరముల బిడ్డలు గలరు. ఏ సముద్రమునకు పోవుచున్నారో సరిగా తెలియకయే ఒప్పందములపై సంతకము చేయు పేదయువకుడు మంచున చిక్కుకొన్న దినమున, వాని తల్లికి ఎవరు జవాబు చెప్పుదురు?

కావున మూడు పనులు జరుగవలెను. ధ్రువజలములలో పనిచేయు శిక్షణ విశాఖపట్టణమున పేదలకును అందవలెను. అట్టి యోడలకు మనుష్యులను గూర్చు దళారుల పత్రములు ప్రయాణమునకు ముందే తనిఖీ కావలెను. అంతర్జాతీయ సంస్థ కౌన్సిలులో స్థానముగల భారతదేశము చిన్నపడవలకును సంపూర్ణరక్షణ కోరవలెను.

బజారుఘాటు మసి మన కన్నులయెదుట కనిపించినది. హిమసముద్రమున మునిగినవాని జాడ సయితము కనబడదు. అందుచేతనే అచ్చటి చట్టమునకు మనకన్న నిశితమైన చూపు కావలెనని మా మనవి.