నడకకు తోడు కావాలి

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాట మనలో విననివారుండరు. అయితే ఆ భాగ్యాన్ని సొంత ఊరిలో కాపాడుకోవడం ఒక ఎత్తు, పరదేశంలో కాపాడుకోవడం మరొక ఎత్తు. నేడు మన నగరంలో పిల్లలు విదేశాలలో స్థిరపడిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కూతురి పురుటికనో, మనవల సంరక్షణకనో ఆరేసి నెలలు అక్కడ ఉండి వచ్చే తల్లిదండ్రులు అనేకులు. వారిలో నేనూ ఒకడిని. నా అనుభవం వారికి ఉపయోగపడగలదన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది అంబర్‌పేట. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుండి ప్రతిరోజు తెల్లవారుజామున లేచి, శివం రోడ్డు మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి వెళ్ళడం నా అలవాటు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు మా మిత్రులం ఐదారుగురం కలుసుకొని, తార్నాక వైపు నడిచి, మాటలాడుకుంటూ తిరిగి వచ్చేవాళ్ళం. పదేళ్ళపాటు ఈ నియమం దాదాపుగా తప్పలేదు. ఇదంతా నా క్రమశిక్షణ వల్లనే జరుగుతున్నదని నాకు లోలోపల కొంత గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం ఒక్క నెలలో అణగిపోయింది. అరవై ఎనిమిదవ ఏట, అక్టోబరు మొదట్లో, లండన్ నగర శివార్లలో టెడింగ్టన్ సమీపాన ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పెట్టెలో ఆవకాయ, కందిపొడి, ఆరు నెలలకు సరిపడా రక్తపోటు, మధుమేహం మాత్రలు అన్నీ సర్దుకున్నాను. నడకను మాత్రం సర్దుకోలేకపోయాను. అమ్మాయి, అల్లుడు ఉదయమే పనికి వెళ్ళేవారు. బయట చలి, సన్నని వాన. డిసెంబరు వచ్చేసరికి ఎనిమిది గంటలకు గాని తెల్లవారదు, నాలుగు కాకముందే సూర్యాస్తమయం. తెలిసిన ముఖం లేదు. వేడి వేడిగా తినడం, టెలివిజన్ ముందు కూర్చోవడం, మధ్యాహ్నం కునుకు తీయడం, ఇదే దినచర్య అయింది. ఆరు వారాలలో నాలుగు కిలోల బరువు పెరిగాను. మోకాళ్ళు పట్టేశాయి. మలబద్ధకం మొదలైంది. పరగడుపు చక్కెర ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఇదంతా అక్కడి చలి దోషమని అనుకున్నాను.

నిజానికి దోషం చలిది కాదు. హేమంత ఋతువులో జఠరాగ్ని బలంగా ఉంటుందని, ఆకలి పెరుగుతుందని ఆయుర్వేదం చెబుతుంది. అందుకే శీతకాలం, వసంతకాలం వ్యాయామానికి అనుకూలమైనవని వాగ్భటాచార్యులు నిర్ణయించారు. ఆకలికి తగినట్లు తిని, కదలకుండా కూర్చుంటే చలికాలంలో పేరుకున్న కఫం వసంతంలో కరిగి రోగాలకు దారి తీస్తుంది. నేను చేసినది సరిగ్గా అదే.

"ఈ వయసులో వ్యాయామమేమిటి?" అని అడిగేవారున్నారు. వృద్ధులకు శ్రమతో కూడిన వ్యాయామం తగదని వాగ్భటుడు చెప్పిన మాట వాస్తవమే. కాని సుశ్రుతాచార్యులు చంక్రమణాన్ని, అనగా దేహాన్ని ఎక్కువగా బాధించని నడకను వేరుగా పేర్కొని, దాని వలన ఆయువు, బలం, మేధ, అగ్ని వృద్ధి చెందుతాయన్నారు. నేటి వైద్యశాస్త్రమూ ఇదే దారిలో ఉంది. వారానికి 150 నుండి 300 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ అవసరమని, అరవై అయిదు దాటినవారు పడిపోకుండా వారంలో మూడు రోజులైనా తూకం నిలిపే వ్యాయామాలు కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

నా పరిస్థితి చూసి అమ్మాయి ఆ ఊరిలో ఉచితంగా జరిగే నడక బృందాల గురించి వాకబు చేసింది. ఆ దేశంలో రాంబ్లర్స్ అనే సంస్థ ఆధ్వర్యంలో, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు చిన్న చిన్న ఆరోగ్య నడకలు నిర్వహిస్తారు. రుసుము లేదు. మొదట ఇరవై నిమిషాలు నడిచాను, తరువాత నలభై. నెల గడిచాక బుషీ పార్కుకు వెళ్ళాను. సుమారు 1,100 ఎకరాల ఆ ఉద్యానంలో జింకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. 2004 అక్టోబరు 2న పదమూడు మంది అక్కడ సరదాగా పరుగెత్తారు. ఆ చిన్న ప్రయత్నమే నేడు పార్క్‌రన్ అనే పేరుతో ఇరవైకి పైగా దేశాలకు వ్యాపించింది. ప్రతి శనివారం ఉదయం ఐదు కిలోమీటర్లు. పరుగెత్తేవారు పరుగెత్తుతారు, నడిచేవారు నడుస్తారు. ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు.

నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. అక్కడ 'టెయిల్ వాకర్' అని ఒక స్వచ్ఛంద సేవకుడు ఉంటాడు. అందరికంటే వెనుక నడవడమే అతని పని. కాబట్టి ఎంత నెమ్మదిగా నడిచేవారైనా చివరివారు కారు. మొదటి శనివారం ఆ స్థానంలో నా వయసు మహిళ ఒకరు ఉన్నారు. ఆమె నా భాష ఎరుగదు, నాకు ఆమె యాస సగమే అర్థమైంది. అయినా గంటకు పైగా నాతోనే నడిచి, గమ్యం వద్ద నన్ను ముందుకు పంపి తాను వెనుక నిలిచింది. మార్చిలో తిరిగి వచ్చే నాటికి పెరిగిన బరువులో మూడు కిలోలు తగ్గాయి, మోకాళ్ళు వదులయ్యాయి, విరేచనం సాఫీ అయింది. మాత్రలు మాత్రం వైద్యుని సలహా ప్రకారం వాడుతూనే ఉన్నాను.

నా అభిప్రాయం ఇది. మనిషిని నడిపించేది సంకల్పబలం ఒక్కటే కాదు, చోటు, తోడు. అవి రెండూ మారిన నాడు పదేళ్ళ అలవాటు కూడా పది రోజులలో మాయమవుతుంది. కనుక విదేశాలలోని పిల్లలకు నా మనవి: తల్లిదండ్రులు వచ్చిన మొదటి వారంలోనే వారిని దగ్గరి పార్కుకు తీసుకువెళ్ళి దారి చూపండి. ఉచిత తరగతులు ఎక్కడ జరుగుతాయో విచారించి, మొదటి రోజు వెంట వెళ్ళండి. పెద్దలకు నా మనవి: భాష రాదని సిగ్గుపడకండి. నడకకు వ్యాకరణం లేదు. బ్రిటన్ వంటి దేశాలలో సందర్శకులకు ఆస్పత్రి చికిత్స చాలావరకు ఉచితం కాదు. పార్కు మాత్రం ఉచితమే.

కొన్ని జాగ్రత్తలు చెబుతాను. నడకకు ముందు మోకాళ్ళకు, పాదాలకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేసి శుభ్రంగా తుడుచుకోండి. తిన్న వెంటనే వేగంగా నడవకండి. శక్తిలో సగమే వినియోగించమన్నది శాస్త్రం. నుదుట చెమట, నోరు ఎండడం దానికి గుర్తులని చెబుతారు గాని, చలిదేశంలో చెమట త్వరగా కనబడదు. మాటలాడుతూ నడవగలుగుతున్నామా అని చూసుకోవడం మేలు. మంచు గడ్డకట్టిన రోజున ఇంట్లోనే కుర్చీ పట్టుకొని తూకం వ్యాయామాలు చేయండి. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. నడకలో ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆగి వైద్య సహాయం కోరాలి.

తిరిగి వచ్చిన మరునాడే ఆర్ట్స్ కళాశాల వద్దకు వెళ్ళాను. మిత్రులందరూ ఉన్నారు, ఒక్కరు తప్ప. మోకాలి శస్త్రచికిత్స అయిన తరువాత ఆయన కొన్నాళ్ళు వచ్చి మానేశారట. ఎవరినడిగినా "ఆయనకు ఓపిక లేదండీ" అన్నారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి పలకరించాను. "ఓపిక లేక కాదండీ. మీరంతా ముందు వెళ్ళిపోతారు. తార్నాక వైపు ఒక్కణ్ణీ నడుస్తుంటే ఎందుకొచ్చిన నడక అనిపించింది," అన్నారాయన. నేను ఊరిలో ఉన్నన్నాళ్ళు ముందు నడిచిన వారిలో నేనూ ఉన్నాను. ఆ మాటకు తలవంచుకున్నాను.

మన ప్రాంగణంలో చెట్లకు, దారులకు కొదవ లేదు. వెనుక నడిచే మనిషే కరువు. ప్రతి బృందమూ వారానికొకరి వంతున ఆ పని చేపడితే, ఇళ్ళలో కూర్చుండిపోయిన పెద్దలెందరో తిరిగి దారిన పడతారని నా నమ్మకం. ప్రస్తుతం మా బృందంలో ఆ వంతు నాది. మా మిత్రుడు మొదటి వారం ఆర్ట్స్ కళాశాల మెట్ల దాకా మాత్రమే నడిచారు. నిన్న తార్నాక దాకా వచ్చారు.